అహష్వేరోషు పేరు ఎక్కడిది: పాఠం రాయబోయే అమ్మాయికి

చి. ప్రిస్కిల్లకు,

పెద్దనాన్న దీవెనలు. ఎస్తేరు గ్రంథం మీద మీ సంఘం పత్రికకు పాఠాలు రాసే పని నీకు అప్పగించారన్నావు, సంతోషం. మొదటి పాఠంలోనే అహష్వేరోషు అనే పేరు పుట్టుపూర్వోత్తరాలు ఒక పేజీలో చెప్పాలనుకోవడమూ బాగుంది. గ్రంథం తెరవగానే మొదటి వచనంలో ఎదురయ్యే పారసీక రాజు పేరు అది. పలకడానికే జనం తడబడతారు కాబట్టి అదేమిటో తెలుసుకోవాలని కూడా వాళ్లకు ఉంటుంది.

నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. మొదటి వాక్యం తీసెయ్యి. "అహష్వేరోషు అనగా హెబ్రీ భాషలో నేను మౌనముగాను దరిద్రుడనుగాను ఉందును అని అర్థము" అని ఇంటర్నెట్‌లో దొరికే పేర్ల జాబితాలోంచి దించావు. అది చాలాచోట్ల కనిపిస్తుంది, అందుకే నిజమనిపిస్తుంది. అది ఎలా పుట్టిందో చూడు. హెబ్రీలో మౌనంగా ఉండడానికి ఒక క్రియ ఉంది, అందులో హేత్, షీన్ అక్షరాలు వస్తాయి. పేదవాణ్ణి "రాష్" అంటారు. ఆ రెండింటినీ ఈ పేరులో వెతికి, మధ్యలో మిగిలిన వావ్‌ను చూసీచూడనట్టు వదిలేసి అతికించారు. నూట ఇరవైయేడు సంస్థానాలు ఏలే వంశంలో పుట్టిన పిల్లవాడికి తల్లిదండ్రులు అలాంటి పేరు పెడతారా? పైగా వాళ్లకు హెబ్రీ రానే రాదు.

ఈ పని మొత్తానికీ పట్టుకోవలసిన సూత్రం ఇదొక్కటే: పేరుకు అర్థాన్ని ఆ పేరు పెట్టినవాళ్ల భాషలోనే వెతకాలి. హెబ్రీ రూపం చెవికి వినబడినదాన్ని రాసుకున్న నకలు. తెలుగు రూపం ఆ నకలుకు నకలు. నకలును ముక్కలు చేసి అర్థం లాగితే ఏదో ఒకటి వస్తుంది, అదే దానితో చిక్కు.

ముందు ఒక కాగితం తీసుకొని నిలువుగా ఆరు గళ్లు గీయి. ప్రాచీన పారసీకం, ఎలామీ, బబులోను, అరామిక్, హెబ్రీ, గ్రీకు. ఒక్కో గడిలో ఆ భాషలో ఈ పేరు ఎలా రాశారో అక్షరం అక్షరంగా విడదీసి రాయి. అర్థం జోలికి ఇప్పుడే పోకు.

పారసీకం గడిలో రాయవలసింది ఆ రాజు స్వయంగా రాళ్లమీద చెక్కించుకున్న రూపం. మేకుల్లాంటి గీతల లిపి అది. అందులో హల్లు గుర్తుకు మన లిపిలోలాగే "అ" కలిసే ఉంటుంది కాబట్టి నీకు తొందరగానే పట్టుబడుతుంది. గుర్తులు ఏడు: ఖ, ష, య, ఆ, ర, ష, ఆ. కలిపి చదివితే ఖ్షయార్షా. మొదటి ధ్వని మన "ఖ" కాదు, ఉర్దూవాళ్లు ఖబర్ అన్నప్పుడు గొంతులో రాపిడితో వచ్చేది. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి "ఖ్" అనే రాయి. కొందరు "క్షయార్ష" అని రాస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ చదివేవాళ్లు దాన్ని సంస్కృత పదమనుకుంటారు. సంస్కృతంతో చుట్టరికం ఉంది, దాని సంగతి కింద చెబుతాను. చుట్టరికాన్ని అక్షరాల్లో ముందే పెట్టేస్తే రుజువు చేయవలసినదాన్ని ముందే ఒప్పుకున్నట్టవుతుంది.

ఈ ఏడు గుర్తులూ ఫలానా రాజు పేరే అని ఎలా తెలిసింది? మీ పత్రిక చదివే కుర్రాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, రెండు వాక్యాల్లో జవాబు పెట్టుకో. 1802లో జర్మనీలోని గట్టింగెన్‌లో గ్రోటెఫెండ్ అనే బడిపంతులు పారసీక రాజుల రాజధాని పెర్సెపొలిస్‌లోని శాసనాల ప్రతులు ముందు పెట్టుకుని, "ఫలానా, మహారాజు, రాజులకు రాజు, ఫలానా రాజు కుమారుడు" అనే వరస ఉంటుందని ఊహించాడు. ఒక శాసనంలో తండ్రి రాజు, కొడుకు రాజు. ఇంకో శాసనంలో కొడుకు రాజేగానీ తండ్రి పేరు పక్కన రాజు అనే మాట లేదు. అలా తాత రాజు కాకుండా, తండ్రీ మనవడూ రాజులైన కుటుంబం గ్రీకు చరిత్రల్లో సరిగ్గా కుదిరింది: హిస్టాస్పెస్, అతని కొడుకు దర్యావేషు, అతని కొడుకు గ్రీకులు జెర్క్సీస్ అన్నవాడు. తర్వాత పారిస్‌లో ఉన్న ఒక చలువరాతి పాత్ర మీద ఇదే పేరు పారసీక, ఎలామీ, బబులోను భాషల్లోనూ, ఐగుప్తు చిత్రలిపిలోనూ కనిపించింది. 1820లలో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు చిత్రలిపి వైపునుంచి చదివితే అదే పేరు వచ్చింది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లినవాళ్లు ఒకేచోట కలిశారు కాబట్టి ఈ చదువులో ఇప్పుడు అనుమానం లేదు.

శాసనాల పేర్లు పుస్తకాల్లో పొట్టి అక్షరాల్లో ఉంటాయి, కంగారుపడకు. ఎక్స్‌పీఏ అంటే జెర్క్సీస్‌ది, పెర్సెపొలిస్‌లోది, ఏ వరసది. ఇది సర్వజనుల ద్వారం అని పిలిచే వాకిలి మీద ఉంది. ఎక్స్‌వీ అంటే టర్కీలోని వాన్ కోట కింద కొండమీద ఉన్నది. ఎక్స్‌పీహెచ్ నీకు బాగా పనికొస్తుంది. అందులో తాను ఏలే దేశాల పట్టీ ఉంది, ఆ పట్టీలో హిందుష్, కూషీయులు ఇద్దరూ ఉన్నారు. ఎస్తేరు 1:1లో "హిందూ దేశము మొదలుకొని కూషు దేశమువరకు" అన్న మాట పక్కన ఈ పట్టీ పెట్టి చూపించు. హిందుష్ అంటే అప్పట్లో సింధు నది పరీవాహకం, ఇప్పటి మన దేశమంతా కాదు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాయకపోతే, అహష్వేరోషు మన ఊరు కూడా ఏలాడని ఎవరో ఒకరు సాక్ష్యం చెబుతారు.

ఎలామీ గడిలో ఇక్షెర్ష అని రాయి. బబులోను గడిలో ఒకటి కాదు, చాలా రూపాలు వస్తాయి. మట్టి పలకల మీద ఒక్కో లేఖకుడు ఒక్కోలా రాశాడు: హిషియర్షు అని, అహ్షియర్షు అని. రెండూ రాసుకో. అరామిక్ గడికి నైలు నదిలో, అస్వాన్ దగ్గరి ఎలిఫెంటైన్ దీవిలో దొరికిన పాపిరస్ కాగితాలు ఆధారం. అక్కడ పారసీకుల కొలువులో యూదు సైనికులు కాపురాలుండేవారు. గోడలకూ ఇళ్లకూ ఒప్పందాలు రాసుకుని పైన రాజు ఏలుబడి సంవత్సరం వేసేవారు. అలాంటి ఒక పత్రం మీద ఈ రాజు 15వ సంవత్సరం ఉంది, అంటే క్రీ.పూ. 471. అందులో పేరు హేత్, షీన్, యోద్, ఆలెఫ్, రేష్, షీన్. అతను బతికుండగా, యూదులు ఉండే ఊళ్లో రాసింది. ఎస్తేరు గ్రంథపు ప్రతుల కంటే ఎన్నో వందల ఏళ్లు ముందుది కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

ఇక హెబ్రీ గడి. ఇక్కడ నిదానంగా ఉండు. హెబ్రీ అక్షరాల పేర్లు నీకు కొత్తేమీ కాదు, 119వ కీర్తన శీర్షికల్లో చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. పేరు పూర్తి రూపం ఆలెఫ్, హేత్, షీన్, వావ్, రేష్, వావ్, షీన్. అన్నిచోట్లా ఇలాగే ఉందనుకోకు. 2:21, 3:12, 8:7, 8:10 వచనాల్లో రెండో వావ్ లేదు. 10:1లో రెండు వావ్‌లూ లేవు, రాసింది పొట్టిగా, చదవమన్నది పూర్తిగా. హెబ్రీ ప్రతుల్లో ఇలా రాత ఒకటి, చదువు ఒకటి ఉండేచోట్ల అంచున గుర్తు ఉంటుంది. నకలు రాసినవాళ్లు తమ ముందున్న రాతను దిద్దకుండా అలాగే దాటించారన్నమాట. వావ్‌లు లేని ఆ పొట్టి రూపమే పారసీక రూపానికి కాస్త దగ్గర.

పారసీకంలో ఏడు గుర్తులు, హెబ్రీలో ఏడు అక్షరాలు. చూడగానే ఒకదానికొకటి జత కట్టబుద్ధవుతుంది. కట్టావో మొత్తం తప్పుతుంది. హెబ్రీలో మొదటి అక్షరం అదనంగా వచ్చింది, పారసీకంలో చివరి అచ్చు పోయింది. మధ్యలోవి మాత్రమే జతలు.

మొదటి ఆలెఫ్ ఎందుకొచ్చింది? "ఖ్ష" అని రెండు హల్లులతో మాట మొదలవడం ఆ భాషలకు పడదు. మనవాళ్లు స్కూలును ఇస్కూలు అన్నట్టే వాళ్లు ముందొక అచ్చు తగిలించుకున్నారు. ఎలామీలో "ఇ", ఒక బబులోను రూపంలో "అ" వచ్చింది కూడా ఇందుకే. ఇది ఊహ కాదని చూపించడానికి ఎస్తేరు గ్రంథమే సాక్ష్యం ఇస్తుంది. 3:12, 8:9, 9:3 వచనాల్లో సంస్థానాల మీది అధికారులకు హెబ్రీలో వాడిన మాట అహష్‌దర్పెనీం. అది పారసీకంలో రాజ్యాన్ని కాపాడేవాడు అనే అర్థమున్న ఖ్షచ్చపావన్. గ్రీకులు దాన్నే సత్రప్ చేసుకున్నారు. 8:10లో అంచె గుర్రాల సందర్భంలో వచ్చే అహష్తెరానీం కూడా ఖ్షచ్చ, అంటే రాజ్యం అనే మాటలోంచి వచ్చిందే. మూడు పారసీక మాటలు, మూడింటికీ మొదట్లో ఖ్ష, మూడింటికీ హెబ్రీలో అహష్. ఒకే గ్రంథంలో మూడుసార్లు ఒకే మార్పు జరిగితే దాన్ని నియమమంటాం. నీ పాఠంలో ఒక్క రుజువుకే చోటుంటే ఇదే పెట్టు. చదివేవాళ్లకు బైబిలు చేతిలోనే ఉంటుంది, తెరిచి చూసుకోగలరు.

ఖ్ కు హేత్, ష్ కు షీన్, ర్ కు రేష్, మళ్లీ ష్ కు షీన్ సరిగ్గానే కుదురుతాయి. కుదరనిది ఒక్కటే. పారసీకంలో "య" ఉన్నచోట హెబ్రీలో యోద్ ఉండాలి, వావ్ ఉంది. ఎలిఫెంటైన్ పత్రంలో యోదే ఉంది చూశావుగా. ఆ రెండక్షరాలూ చేతిరాతలో ఎంత దగ్గరగా ఉంటాయంటే, యోద్ కాలు కాస్త కిందికి జారితే వావ్ అయిపోతుంది. నకళ్లలో ఇవి తారుమారవడం చాలాచోట్ల కనిపించేదే. అందుకని ఇక్కడా అలాగే జరిగిందని ఎక్కువమంది పండితులు అంటారు. "అంటారు" అనే రాయి, "జరిగింది" అని రాయకు. అచ్చుల విషయానికొస్తే, ఇప్పుడు మనం చదివే అ, ఏ, ఓ చుక్కలూ గీతలూ తిబెరియ ఊరి యూదు పండితులు ఆ రాజు పోయిన వెయ్యేళ్ల తర్వాత పెట్టినవి. సమాజమందిరాల్లో తరతరాలుగా చదివిన ఉచ్చారణను వాళ్లు భద్రం చేశారు, అంతే. "వేరో" అనే భాగంలో పారసీక అర్థం వెతికితే దొరకదు.

ఇప్పుడు అర్థానికి రా. ఖ్షయార్షాలో రెండు మాటలున్నాయి: ఖ్షయ, అర్షన్. మొదటిది ఏలుతున్న అని. రెండోది మగవాడు, శూరుడు అని. చివర "న్" పోయి దీర్ఘం రావడం నీకు తెలిసినదే, రాజన్ రాజా అయినట్టు, ఆత్మన్ ఆత్మా అయినట్టు. మొత్తం కలిపి "వీరులను ఏలేవాడు" అని రాయి. వీరుల్లో ఏలిక అన్నా ఫరవాలేదు, రెండింటికీ తేడా స్వల్పం. "మహాపరాక్రమవంతుడైన రాజాధిరాజు" అని మాత్రం పెంచకు, అంత పేరులో లేదు.

సంస్కృతం చుట్టరికం గురించి చెబుతానన్నాను. వేదభాషలో క్షయతి అంటే ఏలుతాడు, క్షత్రం అంటే ఏలుబడి. అర్షన్‌కు ఋషభం దగ్గరి చుట్టం. ఇంతకంటే దగ్గరిది ఒకటుంది. శివాలయంలో అభిషేకం జరుగుతున్నప్పుడు వినిపించే నమకం పదో అనువాకంలో రుద్రుణ్ణి "క్షయద్వీరాయ" అని మూడుసార్లు పిలుస్తారు. ఋగ్వేదంలో కూడా ఉన్న మాటే. క్షయత్ అంటే ఏలే, వీర అంటే వీరుడు. ఖ్షయార్షాకు ఇది దాదాపు అచ్చుపోసిన జోడు, రెండో మాట మాత్రం వేరే. ఇక్కడ తెలుగువాళ్లు పడే గుంట ఒకటుంది. క్షయ అనగానే మనకు తరుగుదల, నాశనం, ఆ పేరుతో పిలిచే జబ్బు గుర్తొస్తాయి. అది వేరే ధాతువు. వీరులను నశింపజేసేవాడు అని క్షయద్వీరకు చెప్పే వ్యాఖ్యానమూ ఉంది గానీ దాన్ని తెచ్చి అహష్వేరోషుకు అతికిస్తే "వీరుల నాశనకుడు" అనే కొత్త తప్పు పుడుతుంది. ఈ పోలిక పాఠంలో పెట్టాలా వద్దా అనేది మీ పాస్టరుగారితో మాట్లాడుకో. నా మటుకు నేను పెడతాను. పారసీక భాషకూ వేదభాషకూ ఉన్న బంధుత్వాన్ని ఇంత తేటగా చూపించే మాట తెలుగువాడి చెవికి ఇంకోటి దొరకదు. అయితే భాషల బంధుత్వం వరకే, మతాల బంధుత్వంగా లాగవద్దు.

తప్పుడు అర్థాల్లో ఇంకా రెండు నీకు ఎదురవుతాయి. పాత బైబిలు నిఘంటువుల్లో "సింహరాజు" అని ఉంటుంది. ఇప్పటి ఫారసీలో షేర్ అంటే సింహం, షా అంటే రాజు కదా, ఆ రెంటినీ ఈ పేరులో వినిపించుకున్నారు. షా అనే మాట అప్పటికి అంత పొట్టిది కాదు. శాసనాల్లో రాజు అనే మాట ఖ్షాయథియ. అదే అరిగి అరిగి షా అయింది, మన పాదుషాలోనూ, గోల్కొండ కుతుబ్‌షాహీలోనూ ఉన్నది అదే. ఈ పేరు చివర ఉన్న "షా" అర్షన్ అనే మాట తోక, దానికీ రాజుకూ సంబంధం లేదు. ఇరాన్‌లో ఇప్పుడు కూడా ఈ పేరును ఖషాయార్‌షాహ్ అని చివర షాహ్ వచ్చేలా రాస్తుంటారు. అంటే సొంత మనవలు కూడా ఈ తోకను చూసి మోసపోయారు, మనల్ని అనేదేముంది.

రెండోది, ఇది పేరే కాదు బిరుదు, ఫరో లాగా అనే మాట. స్ట్రాంగ్స్ పదకోశంలో 325వ సంఖ్య తీస్తే అలాగే కనిపిస్తుంది, దాన్ని చూసి చాలామంది రాస్తారు. శాసనం చదివితే ఆ వాదం నిలవదు. ఖ్షయార్షా అని చెప్పి, ఆ పక్కన వేరే మాటగా ఖ్షాయథియ, అంటే రాజు అని చెబుతారు. పేరు వేరు, హోదా వేరు. స్ట్రాంగ్స్ ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతుక్కోవడానికి మంచి పనిముట్టు. వ్యుత్పత్తి కోసం మాత్రం దాని మీద బరువు వేయకు.

గ్రీకు గడిలో చూసుకోవలసిన గోతి ఒకటుంది. జెర్క్సీస్ అన్నది హెరొడోటస్ వంటి గ్రీకు చరిత్రకారుల రూపం. కానీ ఎస్తేరు గ్రంథాన్ని గ్రీకులోకి తెచ్చిన సెప్టువజింటువాళ్లు ఈ రాజును అర్తజెర్క్సీస్ అన్నారు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఆ లెక్కనే ఎస్తేరు కథను అర్తజెర్క్సీస్ కాలంలో పెట్టాడు. అందువల్ల కొన్ని పాత వ్యాఖ్యానాల్లో రాజు మారిపోతాడు. హెబ్రీ లేఖనానికి వాళ్లిద్దరూ ఒకరు కారనడానికి ఎజ్రా 4 చాలు. 6వ వచనంలో అహష్వేరోషు, 7వ వచనంలో అర్తహషస్త. పక్కపక్క వచనాల్లో వేర్వేరు రాజులు, అదీ ఏలిన వరసలోనే. గ్రీకు రూపాల్లో అర్తజెర్క్సీస్‌లో జెర్క్సీస్ దాక్కున్నట్టుంటుంది గానీ పారసీకంలో అలా లేదు. అర్తహషస్త అంటే అర్త, ఖ్షచ్చ కలిసిన మాట. మన ఋతం, క్షత్రం వాటి చుట్టాలు. సత్యంతో కూడిన ఏలుబడి అని అర్థం. హెరొడోటస్ కూడా ఈ గోతిలోనే పడ్డాడు. ఆరో భాగం 98వ విభాగంలో జెర్క్సీస్ అంటే యోధుడు, అర్తజెర్క్సీస్ అంటే గొప్ప యోధుడు అని గ్రీకు చెవితో అర్థం చెప్పాడు. కాలానికి దగ్గరగా ఉన్నవాడి మాట కదా అని దాన్ని ఎత్తి రాసేవాళ్లున్నారు. నువ్వు రాయకు.

రాజు ఎవరు అనేది పేరుకు అర్థం ఏమిటి అనేదానికంటే వేరే ప్రశ్న. రెండు పేరాల్లో వేరువేరుగా పెట్టు. ఎస్తేరు, ఎజ్రా 4:6 లో ఉన్నవాడు క్రీ.పూ. 486 నుంచి 465 వరకు ఏలిన జెర్క్సీస్ అనడానికి పేరు బలంగా నిలుస్తుంది. ఎస్తేరు 1:3లో మూడో సంవత్సరం, 2:16లో ఏడో సంవత్సరం, 3:7లో పన్నెండో సంవత్సరం వస్తాయి, అన్నీ ఆ ఏలుబడిలో ఇముడుతాయి. దానియేలు 9:1లో మాదీయుడైన దర్యావేషుకు తండ్రిగా అహష్వేరోషు ఉన్నాడు. శాసనాల జెర్క్సీస్ దర్యావేషుకు కొడుకు. కాబట్టి అక్కడ అదే మనిషని తేల్చకు, ఒకే పేరు ఇద్దరికి ఉండవచ్చు. ఆ చర్చ పెద్దది, పేరు గురించిన ఒక పేజీలో దాన్ని తెరిస్తే మూయలేవు. ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపో.

బైబిళ్లలో రూపాలు వేర్వేరుగా ఎందుకున్నాయో కూడా చదువరులకు చెప్పు. తెలుగు బైబిలు హెబ్రీ ఉచ్చారణను పట్టుకుని అహష్వేరోషు అంది. ఇంగ్లిషులో కింగ్ జేమ్స్ లాటిన్ అస్సువేరుస్‌కు దగ్గరగా అహాస్యూరస్ అంది. ఎన్‌ఐవీ గ్రీకు దారిలో జెర్క్సీస్ అని అచ్చువేసింది. ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్లలు ఎన్‌ఐవీ తెరిచి, ఈ జెర్క్సీస్ ఎవరు, అహష్వేరోషు ఏడీ అని అడుగుతారు. నీ పేజీలో ముందు తెలుగు బైబిలు రూపమే పెట్టు, ఆ తర్వాతే మిగతావి.

ప్రసంగాల్లో వినిపించే అర్థాలను ఏం చేయాలి? యూదు రబ్బీల బోధల సంపుటి తల్ముదులో, మెగిల్లా అనే భాగం 11వ పత్రంలో ఈ పేరు మీద రబ్బీలు నలుగురు నాలుగు మాటలన్నారు. "ఆహ్" అంటే సోదరుడు, "రోష్" అంటే తల, కాబట్టి తలకు సోదరుడు, అంటే బబులోను రాజు నెబుకద్నెజరు లాంటివాడే అని ఒకరు. అతని రోజుల్లో ఇశ్రాయేలువాళ్ల ముఖాలు కుండ అడుగులా నల్లబడ్డాయని ఇంకొకరు. అతన్ని తలచుకున్నవాడల్లా అతని తలకు అయ్యో అంటాడని మరొకరు. అందరూ అతని కాలంలో "రాషీన్", పేదలు అయ్యారని నాలుగో ఆయన. ఆయన చూపిన వచనం 10:1, పన్ను వేసిన వచనం. పేరు పొట్టిగా రాసి ఉన్నది కూడా అక్కడే. వాళ్లకు ఇది వ్యుత్పత్తి శాస్త్రం కాదు, నొప్పిపెట్టినవాడి పేరును తిట్టుగా మార్చుకునే చమత్కారం. చాలా పదునైనది కూడా, నాకు ఇష్టం. పాఠంలో పెట్టు, కానీ "యూదు పెద్దలు ఈ పేరు మీద చెప్పిన చమత్కారాలు" అని ముందు పేరు పెట్టి మరీ పెట్టు. నువ్వు చిత్తుప్రతిలో రాసిన ఆ "మౌనం, దరిద్రం" కూడా ఇలాంటి చోట పుట్టి, చమత్కారమన్న చీటీ ఊడిపోయి, నిఘంటువు వేషం వేసుకున్నదే అనిపిస్తుంది.

ఒక పేజీ అంటే మీ పత్రికలో సుమారు మూడువందల మాటలు పడతాయి. నాలుగు పేరాలు చెయ్యి. మొదటిదాంట్లో పేరు ఎక్కడెక్కడ వస్తుందో, శాసనంలో ఎలా ఉందో. రెండోదాంట్లో ఖ్ష అహష్ ఎలా అయిందో, అధికారుల మాటతో సహా. మూడోదాంట్లో అర్థం. నాలుగోదాంట్లో రాజు ఎవరు, అర్తజెర్క్సీస్ గొడవ రెండు వాక్యాల్లో. చోటు మిగిలితే రబ్బీల మాటలు ఒక డబ్బాలో. వావ్, యోద్ సంగతి పేజీలో వద్దు, ఎవరైనా అడిగితే చెప్పడానికి దగ్గర ఉంచుకో. అచ్చుకు పంపేముందు కంపోజింగ్ చేసే అబ్బాయి చేత "ఖ్ష" ఒత్తు సరిగ్గా పడిందో లేదో ప్రింటు తీయించి చూడు. కొన్ని ఫాంట్లలో అది విడిపోయి ఖ్ ష అని రెండుగా పడుతుంది. కొందరు దాన్ని దిద్దబోయి క్ష చేసేస్తారు.

తర్వాతి పాఠానికి వష్తి, ఎస్తేరు పేర్లు అన్నావు. వాటికి ఇంత గట్టి నేల లేదు. వష్తికి పారసీకంలో "ఉత్తమమైన" అనే మాట చెబుతారు గానీ శాసనంలో ఆ రాణి పేరు దొరకదు కాబట్టి "కావచ్చు" దాటి పోకు. ఎస్తేరుకు నక్షత్రం అనే పారసీక మాట ఒకటి, ఇష్తార్ అనే బబులోను దేవత పేరు ఒకటి, రెండు అభిప్రాయాలున్నాయి. రెండూ రాసి వదిలెయ్యి. మొర్దెకైకి పారసీకంలో వెతకనే వద్దు, అది బబులోను దేవుడు మర్దూక్ పేరులోంచి వచ్చింది. 3:7లోని పూరు కూడా బబులోను మాటే, దానికి చీటి అని ఆ వచనమే అర్థం చెబుతుంది.

ఆరు గళ్ల కాగితం నింపాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, హెబ్రీ గడి నేను సరిచూస్తాను. పాఠం దాని తర్వాత రాయి.

మీ పెద్దనాన్న